మన పన్ను మనమే 'పణ్ణుదాం'

మా ఇంట్లో రెండు భాషలు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. రెండిటి మధ్య కొన్ని మాటలు చిన్నప్పుడు నన్ను బాగా తికమక పెట్టేవి. తమిళంలో 'వరి' అంటే పన్ను. తెలుగులో వరి అంటే పొలంలో పండేది. ఎవరైనా 'వరుమాన వరి' అన్నప్పుడల్లా నా కళ్ళకి ధాన్యం బస్తాలే కనబడేవి. తెలుగులో 'పన్ను' అంటే నోట్లో ఉండేదీ అదే, సర్కారుకి కట్టేదీ అదే. ఆ మాటనే నాలుక కొంచెం మడిచి 'పణ్ణు' అన్నామంటే తమిళంలో 'చెయ్యి' అని అర్థం. పైన ఆ పేరు అందుకే పెట్టాను. తెలుగు మేడమ్‌లు క్షమించాలి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆదాయపు పన్ను లెక్క ఆడిటర్ల పని, మగవాళ్ళ పని, కామర్స్ వాళ్ళ పని అని వదిలెయ్యకూడదు. మన ఇంటి లెక్కని ఒక్కసారైనా కాగితం, పెన్సిలు పెట్టుకుని మన చేత్తో మనం వెయ్యాలి. ఎందుకు చెబుతున్నానంటే, మా అవ్వ రెండేళ్ళలో 17,200 రూపాయలు పోగొట్టుకుంది. ఎవరూ దొంగిలించలేదు. ఎవరూ మోసం చెయ్యలేదు. అడగలేదు కాబట్టి రాలేదు, అంతే.

తాత నోటు బుక్కు

మాది మంసాపురం. రాజపాళయానికి దగ్గర. మేడ మీదికెక్కితే పడమటి కనుమలు కనబడతాయి. మా తాత ఎయిడెడ్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకి తెలుగు మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. మా ఊళ్ళో ఆ తరం వాళ్ళు చాలామంది అంతే. అందుకని ఆయన నోటు బుక్కులో మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. 'వడ్డీ వచ్చింది', 'బ్యాంకు పట్టుకుంది', 'తిరిగి రావాలి' అని తమిళ లిపిలో రాసి ఉంటుంది. ప్రతి మార్చి నెలాఖరుకి ఆయన ముందు గదిలో కూచుని సంవత్సరం లెక్కంతా పెన్సిలుతో వేసేవారు. తర్వాత బస్సెక్కి రాజపాళయం వెళ్ళి బ్రౌజింగ్ సెంటర్లో కుర్రాడి పక్కన కూచునేవారు. అంకెలు ఆయన చెప్పాలి, ఆ కుర్రాడు కొట్టాలి. ఆ అబ్బాయి 'నాకు తెలుసు సార్' అన్నా ఒప్పుకునేవారు కాదట.

తాత 2022 మొదట్లో పోయారు. ఆ నోటు బుక్కు బీరువాలోకి వెళ్ళిపోయింది. ఆయన దాచుకున్న డబ్బు అవ్వ పేరు మీదికి మారింది, ఫిక్స్‌డ్ డిపాజిట్లయింది. అవ్వకి కుటుంబ పింఛను మొదలయింది. ఇంట్లో అందరూ అవ్వని బాగా చూసుకున్నారు. అవ్వ లెక్క మాత్రం ఎవరూ చూడలేదు.

పోయిన ఏడాది మే సెలవులకి ఇంటికి వెళ్ళాను. అవ్వ పాస్ బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది చూడు పాపా. వడ్డీ తక్కువ పడతా ఉంది. మీ తాత ఉన్నప్పుడు ఇట్లా లేదు."

నేను నాన్నని అడిగాను. "బ్యాంకు వాళ్ళు ట్యాక్స్ పట్టుకుంటారు, అందరికీ అంతే" అన్నారు. మా నాన్నది తప్పు కాదు. చాలామంది అలాగే అనుకుంటారు. బ్యాంకు పట్టుకుందంటే మనం ఆ పన్ను కట్టాల్సిందే కాబోలు, అది అయిపోయిన లెక్క కాబోలు అని. అంతకు ముందు సంవత్సరం నాన్న ఒక అకౌంట్స్ ఆఫీసులో కనుక్కున్నారట కూడా. 'మీ అమ్మగారికి ట్యాక్సే లేదు, ఫైల్ చేసే పని లేదు' అని అక్కడ చెప్పారట. మొదటి మాట నిజమే. కాని ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ట్యాక్సే లేకపోతే బ్యాంకు పట్టుకున్న డబ్బు ఎవరిది? ఆ ప్రశ్న ఆ ఆఫీసులోనూ ఎవరూ అడగలేదు, మా ఇంట్లోనూ ఎవరూ అడగలేదు.

తాత నోటు బుక్కు బయటికి తీస్తే జవాబు అందులోనే ఉంది. ప్రతి ఏప్రిల్ పేజీలో మొదటి గీత ఒకటే: '15హెచ్ ఇచ్చాను'.

బ్యాంకు ఎందుకు పట్టుకుంది

టీడీఎస్ అనే మాట మనందరం విన్నాం. డబ్బు ఇచ్చేవాళ్ళే ముందుగా కొంత పట్టుకుని, మన పాన్ నంబరు మీద సర్కారుకి జమ చెయ్యడం. అరవై దాటినవాళ్ళకి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే 10 శాతం పట్టుకోవాలని అప్పటి నియమం. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దుని లక్ష చేశారు. పన్ను పడేంత ఆదాయం లేని పెద్దవాళ్ళు ఏడాది మొదట్లో ఫారం 15హెచ్ రాసిస్తే బ్యాంకు పట్టుకునేది కాదు. అరవై లోపు వాళ్ళకయితే అది 15జి. ఒక్కసారి ఇస్తే చాలదు, ఏటేటా ఇవ్వాలి. తాత ఇచ్చేవారు. అవ్వ తరఫున ఎవరూ ఇవ్వలేదు.

ఇవ్వలేదు సరే, అయినా డబ్బు పోయినట్టు కాదు. సంవత్సరం అయ్యాక రిటర్ను వేసి 'నాకు పన్ను లేదు, పట్టుకున్నది వెనక్కివ్వండి' అని అడిగితే ఇస్తారు. అడగడానికి గడువుంది. అవ్వ విషయంలో రెండు సంవత్సరాల గడువు అప్పటికే దాటిపోయింది. 2022-23కి 8,200, 2023-24కి 9,000. కలిపితే 17,200. అవ్వ నెల పింఛను కంటే ఎక్కువ.

2024-25 ఒక్కటే చేతిలో మిగిలింది. అది నేను వేస్తానన్నాను. నాన్న నవ్వారు. "నువ్వు ఆర్ట్స్ కదమ్మా" అన్నారు. ఆ మాట వల్లే అనుకుంటా, నాకు పట్టుదల వచ్చింది.

పెన్సిలుతో వేసిన లెక్క

ముందు కాగితాలు పోగు చేశాను. పింఛను పడే పాస్ బుక్కు ఒకటి. బ్యాంకు ఇచ్చిన వడ్డీ సర్టిఫికెట్టు ఒకటి. పట్టుకున్నదానికి బ్యాంకు ఇచ్చే ఫారం 16ఏ ఒకటి. అవ్వ పాన్‌ని ఆదాయపు పన్ను పోర్టల్లో నమోదు చేస్తే 26ఏఎస్ అనే పట్టీ, ఏఐఎస్ అనే ఇంకా పెద్ద పట్టీ వచ్చాయి. మన పేరు మీద ఎవరెవరు ఎంత ఇచ్చారు, ఎంత పట్టుకున్నారు అన్నది అందులో ఉంటుంది. ఆ రెండేళ్ళ సంగతి నాకు తెలిసింది కూడా 26ఏఎస్ చూశాకే.

తర్వాత ఐటీఆర్-1 ఫారాన్ని ప్రింటు తీశాను. దాన్ని 'సహజ్' అంటారు. నేలమీద చాప వేసుకుని అవ్వ పక్కన కూచున్నాను. లెక్క ఇది.

కుటుంబ పింఛను నెలకి 15,500. పన్నెండు నెలలకి 1,86,000. ఇక్కడే మొదటి మలుపు. సొంత పింఛనయితే దాన్ని జీతం కింద చూపిస్తారు. కుటుంబ పింఛను జీతం కాదు, 'ఇతర ఆదాయం'. జీతానికి ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ దీనికి రాదు. దీనికి వేరే మినహాయింపు ఉంది: పింఛనులో మూడో వంతు, లేదా ఒక నిర్ణీత మొత్తం, రెండిటిలో ఏది తక్కువయితే అది. ఆ మొత్తం పాత పద్ధతిలో 15,000, కొత్త పద్ధతిలో ఆ ఏటి నుంచి 25,000. అవ్వకి మూడో వంతు అంటే 62,000. కాబట్టి కొత్త పద్ధతిలో 25,000 తీసెయ్యాలి. మిగిలింది 1,61,000.

ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ 96,000. సేవింగ్స్ వడ్డీ 2,400. అన్నీ కూడితే 2,59,400. ఆ ఏడాది కొత్త పద్ధతిలో మూడు లక్షల దాకా పన్ను లేదు. అవ్వ పన్ను సున్నా. బ్యాంకు పట్టుకున్నది 9,600. రావలసింది 9,600.

ఊరుకోలేక పాత పద్ధతిలో కూడా వేసి చూశాను. పింఛనులో 15,000 తీస్తే 1,71,000. వడ్డీలు 98,400. మొత్తం 2,69,400. పెద్దవాళ్ళ వడ్డీకి పాత పద్ధతిలో 50,000 దాకా మినహాయింపు ఉంది. అది తీస్తే 2,19,400. ఎనభై దాటినవాళ్ళకి ఆ పద్ధతిలో అయిదు లక్షల దాకా పన్ను లేదు. అవ్వకి ఎనభై ఒకటి. అప్పుడూ సున్నాయే.

ఇంతే. కూడికలు, తీసివేతలు, ఒక భాగహారం. అయిదో తరగతి లెక్కలు. కష్టమంతా అంకెల్లో లేదు, మాటల్లో ఉంది. ఏ డబ్బుని ఏ పేరుతో పిలవాలి అన్నదే అసలు పని. మాటలకి అర్థాలు విడదియ్యడం మన డిపార్ట్‌మెంటు వాళ్ళకి రాదని ఎవరంటారు?

అవ్వకి ప్రతి గీత చదివి చెప్పాల్సి వచ్చింది. ఫారంలో ఉన్న ఇంగ్లీషుని తెలుగు చెయ్యకపోతే అవ్వకి అర్థం కాదు. తెలుగు చెయ్యాలంటే ముందు నాకు అర్థం కావాలి. 'రిబేటు', 'మినహాయింపు', 'వాపసు' మూడూ వేరని నాకు ఆ చాప మీదే తెలిసింది. అవ్వ మధ్యలో ఒక్క ప్రశ్న అడిగింది.

"తాత పింఛను నాకు వస్తా ఉంది. మరి ఇది తాత వరుమానమా, నా వరుమానమా?"

"నీదే అవ్వా."

అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే నేనే చేవ్రాలు పెట్టాల" అంది.

ఎనభై దాటినవాళ్ళు ఐటీఆర్-1ని ఈనాటికీ కాగితం మీదే నింపి ఇవ్వొచ్చు. చట్టంలో ఆ వీలుంది. కాని డబ్బు త్వరగా రావాలని మేం పోర్టల్లోనే వేశాం. తాత చేసినట్టే చేశాం. అవ్వ పెన్సిలు కాగితం పట్టుకుని అంకె అంకె చెప్పింది, నేను కొట్టాను. పోర్టల్లో ముందే నింపి ఉంచిన ఫారం ఒకటి వస్తుంది. అందులో వడ్డీ ఉంది, టీడీఎస్ ఉంది, కుటుంబ పింఛను మాత్రం లేదు. చేత్తో లెక్క వేసుకోకుండా ఉంటే 'అంతా వాళ్ళే నింపారు కదా' అని నొక్కేసి ఉండేదాన్ని.

సాఫ్ట్‌వేర్ ఉండగా ఇదంతా ఎందుకు

ఈ మాట హాస్టల్లో నా రూమ్‌మేటే అంది. క్యాలుక్యులేటర్ ఉండగా ఎక్కాలు ఎందుకు అన్నట్టే ఇది. యంత్రం కూడుతుంది, తప్పు పట్టదు. దానికి తెలిసింది మాత్రమే అది చెబుతుంది. దానికి తెలియనిది మన ఇంట్లో పాస్ బుక్కులో ఉంటుంది. నేను పోర్టల్ వద్దనడం లేదు. పోర్టల్ చూపించే అంకె పక్కన పెట్టుకోవడానికి మన చేతిలో ఇంకో అంకె ఉండాలంటున్నాను. రెండూ ఒకటయితే నొక్కుదాం. కాకపోతే ఎందుకు కాలేదో వెతుకుదాం.

ఆడిటర్లు అక్కర్లేదని కూడా అనడం లేదు. వ్యాపారం ఉన్నవాళ్ళకి, షేర్లూ స్థలాలూ అమ్మినవాళ్ళకి తెలిసినవాళ్ళ సాయం తప్పకుండా కావాలి. ఐటీఆర్-1 కూడా అందరికీ సరిపోదు. వ్యవసాయ ఆదాయం 5,000 దాటినా అది పనికిరాదు. మా ఊళ్ళో కొబ్బరి తోట ఉన్నవాళ్ళు వేరే ఫారం చూసుకోవాలి. ఆడిటర్ దగ్గరికి వెళ్ళొచ్చు, కాని ప్రశ్నలు తీసుకుని వెళ్ళాలి. ఏమీ తెలియకుండా వెళితే వాళ్ళు చెప్పిందే వేదం.

మన ఊళ్ళలో కరణాల కథలు ఎన్ని లేవు? లెక్క రాసే చెయ్యి ఒకరిది, వేలిముద్ర వేసే చెయ్యి ఇంకొకరిది. తమిళనాడులో 1980లో, ఆంధ్రలో 1984లో ఆ గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. పదవులు పోయాయి కాని అలవాటు పోలేదు. ఇప్పుడు మన పాస్‌వర్డు ఎవరి దగ్గరో ఉంటుంది, ఓటీపీ వస్తే చదివి చెబుతాం. వేలిముద్రకీ దానికీ తేడా ఎంత?

'తప్పు వేస్తే ఎలా' అని ఇంకొక భయం. నాకూ ఉండింది. తప్పు పడితే దిద్దుకోవడానికి సవరించిన రిటర్ను వెయ్యొచ్చు. మేం వేసిన సంవత్సరానికి డిసెంబరు 31 దాకా ఆ వీలుండింది. పరీక్షలో కొట్టివేతకి మార్కులు పోతాయేమో గాని ఇక్కడ పోవు.

ఇది మనకి కొత్త విషయం కాదు

మనం శాసనాల పాఠంలో అరి, సుంకం, పుల్లరి, ఇల్లరి అని పన్నుల పేర్లు చదువుతాం. అర్థాలు రాసి మార్కులు తెచ్చుకుంటాం. పశువుల మేతకి కట్టే ఆ పుల్లరిని ఎదిరించినందుకే పల్నాడులో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకి బలయ్యాడు. మన దేశంలో ఆదాయపు పన్ను మొదలయింది 1860లో, జేమ్స్ విల్సన్ పెట్టాడు. దాన్ని గట్టిగా వ్యతిరేకించి పత్రికలకెక్కింది ఎవరనుకున్నారు? అప్పటి మన మద్రాసు గవర్నరు ట్రెవెల్యాన్. అందుకే ఆయన్ని వెనక్కి పిలిపించేశారు. 1973-74లో అయితే పదకొండు శ్లాబులు, పై శ్లాబు మీద సర్‌చార్జితో కలిపి 97.75 శాతం పన్ను. పన్ను గురించి మనుషులు కొట్లాడారు, పదవులు పోగొట్టుకున్నారు, ప్రాణాలు ఇచ్చారు. మనం మాత్రం ఒక ఫారం తిప్పి చూడ్డానికి బద్ధకిస్తున్నాం.

ఆడవాళ్ళ సంగతి ఇంకొకటి. 2011-12 దాకా పన్ను లేని హద్దు ఆడవాళ్ళకి కొంచెం ఎక్కువ ఉండేది. ఆ ఏడాది మగవాళ్ళకి 1,80,000, మనకి 1,90,000. తర్వాతి ఏడాది నుంచి ఇద్దరికీ ఒకటే చేశారు. అంటే చట్టం దృష్టిలో మనమూ, మన అన్నాతమ్ముళ్ళూ సమానం. ఇంట్లో కూడా ఆ లెక్కలో సమానంగా కూచోవాలి కదా?

పాన్ కార్డు తీసి చూడండి. పది అక్షరాల్లో నాలుగోది పి అయితే 'వ్యక్తి' అని. అయిదోది మన పేరులో చివరి భాగం మొదటి అక్షరం. మన వైపు ఇంటిపేరు బదులు ఇనీషియల్ పెట్టుకుంటాం కాబట్టి చాలామందికి అది నాన్న పేరో, మా అవ్వలాగ భర్త పేరో అవుతుంది. కాని ఆ నంబరు పెళ్ళయినా మారదు, ఊరు మారినా మారదు, భర్త పోయినా మారదు. తండ్రి పేరే రాయాలన్న పట్టు కూడా 2018 డిసెంబరు నుంచి సడలింది. తల్లి ఒక్కతే పెంచిన పిల్లలు తల్లి పేరు ఇచ్చుకోవచ్చు. ఆ నంబరు చచ్చేదాకా మనదే. దాని కింద ఏం రాస్తున్నారో మనకే తెలియకపోతే ఎలా?

'మాకు సంపాదనే లేదు కదా' అంటారు మీరు. ఉందేమో చూసుకోండి. చదువుకోసం ఇచ్చే స్కాలర్‌షిప్పుకి పన్ను లేదు, అది వదిలెయ్యండి. సాయంత్రం ట్యూషన్లు చెప్పే డబ్బు మన ఆదాయమే. ఇంకొకటి, మనలో చాలామంది పేరు మీద ఇంట్లోవాళ్ళు పెళ్ళికని డిపాజిట్లు వేసి ఉంటారు. పద్దెనిమిది నిండేదాకా ఆ వడ్డీని తల్లిదండ్రుల ఆదాయంలో కలుపుతారు. నిండాక అది మన ఆదాయం. వడ్డీ ఒక బ్యాంకులో ఏడాదికి 50,000 దాటితే మనకీ టీడీఎస్ పట్టుకుంటారు. బ్యాంకుకి పాన్ ఇవ్వకపోతే 20 శాతం పట్టుకుంటారు. మీ పేరు మీద ఏముందో మీరు ఎప్పుడయినా అడిగారా? నేను అడగలేదు. అవ్వ సంగతి తెలిశాకే అడిగాను. అడిగినప్పుడు ఇంట్లో ఒక్క క్షణం అందరూ నా వైపు చూశారు. ఏదో అడగకూడనిది అడిగినట్టు. తర్వాత నాన్నే కాగితాలు తెచ్చి చూపించారు. అడిగితే కోపం వస్తుందనుకుంటాం గాని, చాలా ఇళ్ళలో అడగకపోవడం వల్లే చెప్పరు.

ఒక విన్నపం

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం. దానితో 1961 నాటి పాత చట్టానికి సెలవు. 'గత సంవత్సరం', 'మదింపు సంవత్సరం' అని రెండు పేర్లతో ఇన్నాళ్ళూ మనుషుల్ని తిప్పలు పెట్టారు. ఇక ఒకటే పేరు, 'పన్ను సంవత్సరం'. సెక్షన్ల నంబర్లు వేరు, ఫారాల నంబర్లు వేరు. పాతవి తెలిసినవాళ్ళు కూడా మళ్ళీ నేర్చుకోవాల్సిందే. అంటే ఈ ఏడాది అందరూ ఒకే బెంచీలో ఉన్నారు. మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

అందుకని మన డిపార్ట్‌మెంటుకి ఒక విన్నపం. జూన్‌లో కాలేజి తెరిచాక ఒక్క మధ్యాహ్నం ఇవ్వండి. ఒక్కొక్కరం ఇంటి నుంచి ఒక్క కాగితం తెచ్చుకుందాం. అమ్మ పాస్ బుక్కో, అవ్వ పింఛను కాగితమో, నాన్న ఫారం 16నో. నంబర్లు కనబడకుండా మడిచి తెచ్చుకోవచ్చు. కామర్స్ డిపార్ట్‌మెంటు వాళ్ళని ఒకరిని పిలుద్దాం. ఫారంలో ఉన్న మాటలకి మంచి తెలుగు మాటలు మనం వెతుకుదాం, అది మన పని. మేడమ్‌లు కూడా రావాలి. మీలో ఎంతమంది ఫారం 16ని విప్పి చదువుతారో, ఎంతమంది మడిచినది మడిచినట్టే సార్‌కి ఇచ్చేస్తారో నేను అడగను. మీరే చెప్పండి.

అవ్వ డబ్బు సంగతి చెప్పి ముగిస్తాను. రిటర్నులు వెయ్యడానికి గడువు ఆ ఏడాది సెప్టెంబరు దాకా పొడిగించారు గాని మేం ఆగస్టులోనే వేసేశాం. ఆలస్యంగా ఇచ్చే వాపసుకి సర్కారు నెలకి అర శాతం వడ్డీ ఇస్తుంది. గడువు లోపల వేసినవాళ్ళకి ఏప్రిల్ నుంచి లెక్క. సెప్టెంబరులో డబ్బు వస్తే ఆరు నెలలు, మూడు శాతం, 288 రూపాయలు అని కాగితం మీద వేసి పెట్టుకున్నాను. సెప్టెంబరు రెండో వారంలో నేను హాస్టల్లో ఉండగా నాన్న ఫోన్ చేశారు.

"అవ్వ అకౌంట్లో 9,888 పడిందమ్మా. నువ్వు 9,600 అన్నావు కదా, ఎక్కువ వచ్చిందేమిటి?"

నేను లెక్క చెప్పాను. నాన్న మళ్ళీ ఒకసారి చెప్పమన్నారు. రాసుకుంటున్నట్టున్నారు.

పోయిన 17,200 కోసం కూడా దారి ఉంది. ఆలస్యాన్ని మన్నించమని అయిదేళ్ళ లోపు అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టాం. ఇస్తారో ఇవ్వరో వాళ్ళ ఇష్టం, ఇంకా జవాబు రాలేదు. అర్జీలో ఆలస్యానికి కారణం రాయమన్నారు. 'మా ఇంట్లో లెక్క తెలిసిన మనిషి పోయారు' అని రాశాను. అదే నిజం. ఇంకొకసారి ఆ కారణం రాసే పరిస్థితి మా ఇంట్లో రాకూడదు.

వాపసు మీద వచ్చిన ఆ 288 కూడా ఆదాయమే. వచ్చే రిటర్నులో చూపించాలి. దసరా సెలవులకి వెళ్ళినప్పుడు తాత నోటు బుక్కులో ఖాళీ పేజీ తీసి మొదటి గీత అదే రాశాను. తెలుగు అక్షరాల్లో రాశాను. ఆ పుస్తకంలో తెలుగు లిపి అదే మొదటిసారి. అవ్వకి చదవడం రాదు, నన్ను చదివి చెప్పమంది. చెప్పాను. "సరే, కింద నా పేరు రాయి" అంది.